మంచం లేని ఇల్లు

పంతొమ్మిదివందల ముప్పయ్యారో సంవత్సరం ఎండాకాలంలో మా ఇంట్లోంచి మంచాలు వెళ్ళిపోయాయి. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. మావారే వడ్రంగిని పిలిపించి, దగ్గరుండి కోయించారు. పెళ్ళయి అప్పటికింకా రెండేళ్ళు నిండలేదు. ఆయన ముందు నోరెత్తి మాట్లాడే అలవాటు నాకు పడలేదు. అయినా రంపం చప్పుడు వినేసరికి నోరు ఊరుకోలేదు.

"ఏవండీ, మంచాలు కోసేస్తే ఎక్కడ పడుకుంటామండీ?"

"చాప మీద."

"చాప మీద పడుకోవలసిన గతి మనకేం పట్టిందండీ?"

"జపాన్‌లో జమీందార్లయినా చాప మీదే పడుకుంటారు."

"జమీందార్లు పడుకుంటే వేడుకంటారు. మనం పడుకుంటే మిల్లు గుమస్తాగారి సంసారం చితికిపోయిందంటారు."

ఆయన నవ్వారు. మావారు నవ్వడమే అరుదు. ఆ నవ్వు చూసి నేనూ మెత్తబడి, మంచం మీది పరుపులు నా చేత్తోనే తీసి పక్కన పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది.

ఏలూరు పవర్‌పేటలో మాది రెండు గదులూ ఒక వంటసావిడీ ఉన్న ఇల్లు. అన్నదమ్ముల పంపకాల్లో మా మావగారి వాటాకి వచ్చిన ముక్క అది. అందులో మా అత్తగారు పాపాయమ్మగారి పట్టెమంచం ఒక్కటే సగం గది ఆక్రమించేది. మిగతా సగంలో భోషాణం, బియ్యం బస్తాలు, ఊరగాయ జాడీలు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గోడకి వీపు రాసుకుంటూ పోవాలి. ఎండాకాలంలో గాలి ఆ ఇంటి దరిదాపులకి కూడా వచ్చేది కాదు.

మావారు పెళ్ళికి ముందు నాలుగేళ్ళు జపాన్‌లో కోబే అనే ఊళ్ళో ఉన్నారు. అక్కడొక సింధీ బట్టల వర్తకుడి కొట్లో గుమస్తాగా చేశారు. తల్లికి ప్రాణం మీదికొచ్చిందని తంతి వెళితే పరుగున ఓడెక్కి వచ్చారట. ఆయన వచ్చేవేళకి ఆవిడ నిక్షేపంగా లేచి తిరుగుతున్నారట. ఆపైన ఆయన మళ్ళీ వెళ్ళలేదు. జనపనార మిల్లు ఆఫీసులో ఉద్యోగం దొరికింది, నాతో పెళ్ళయింది. నాకు తెలిసిన కథ అంతే. పెళ్ళిలో మా వాళ్ళకి చెప్పినదీ అంతే.

ఆ చైత్రంలో అత్తగారు ఆవకాయ పెట్టిపెట్టడానికని తాడేపల్లిగూడెం కూతురింటికి వెళ్ళారు. ఆవిడ బండెక్కిన మర్నాడే మావారు గదుల మధ్య గోడ పడగొట్టించారు. కూలిన గోడ జాగాలో పక్కలకి జరిగే తలుపులు పెట్టించారు. అత్తగారి మంచం పట్టెలే ఆ తలుపులకి చట్రాలయ్యాయి. ఆ చట్రాలకి మల్లుగుడ్డ బిగించి గంజి పట్టించారు. గోడ వారన నేలకి మోకాలెత్తున పలకల అరుగు వేయించి, బియ్యం బస్తాలూ జాడీలూ దాని కిందకి తోయించారు. కావలసినప్పుడు పలక మూత ఎత్తి తీసుకోవడమే. గోడలో పెద్ద అలమర చేయించారు. పొద్దున్నే పక్కలు మడిచి అందులో పెట్టి తలుపు జరిపేస్తే, పడకగది కాస్తా భోజనాల గది అయ్యేది.

"చూశావా? రాత్రి ఇక్కడ మనుషులు పడుకున్న జాడైనా ఉండదు," అనేవారు ఎంతో గొప్పగా.

చాపలు మా పుట్టింటివే. మాది కొల్లేటి లంక. మా నాన్న కోదండరామయ్యగారు మావారు పంపిన కొలత ప్రకారం తుంగ చాపలు ఆరు నేయించి, లోపల గడ్డి పరిపించి, బొటనవేలంత మందాన కుట్టించి తెచ్చారు. పడవలో కొంత దూరం, బండిలో కొంత దూరం వాటి పక్కన కూర్చుని మరీ తెచ్చారు. అల్లుడికి తన ఊరి తుంగ పనికొచ్చిందని ఆయన పొంగిపోయారు. మావారు ఆ ఆరింటినీ సందు లేకుండా పరిచి, ఒక చాప అంచు వెంట్రుకవాసి పైకి లేచిందని మళ్ళీ తీయించి పరిపించారు.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. అలమర పక్కన గోడకి చిలక్కొయ్య ఒకటి కొట్టించారు, నా నడుమెత్తుకి కూడా రాదు.

"ఇంత కిందకి ఎందుకండీ? ఎవరు తగిలిస్తారు దీనికి?"

"ఉండనీలే," అన్నారు.

పుట్టబోయే పిల్లల కోసం కాబోలనుకుని సిగ్గుపడి లోపలికి పోయాను.

వీధి వీధంతా మా ఇల్లు చూడ్డానికి వచ్చింది. "గోడ గుడ్డదేనటండీ?" అని వేలితో పొడిచి చూసినవాళ్ళున్నారు. ఎదురింటి దూడ ఒకటి కట్టు తెంపుకుని వచ్చి, గంజి రుచి మరిగి, తలుపు తలుపంతా నాకి పెట్టింది. మావారు దాన్ని తరుముతూ సందు చివరిదాకా పరుగెత్తారు. నేను నవ్వలేక చచ్చాను. నిజం చెప్పొద్దూ, ఆ ఇల్లు నాకూ నచ్చింది. తలుపులన్నీ ఒక పక్కకి జరిపితే సాయంత్రం గాలి ఈ చివర్నుంచి ఆ చివరకి పోయేది. కుంపటి లాంటి ఇంట్లో కాపురం చేసినదాన్ని, నాకంతకంటే ఏం కావాలి?

మాట మిల్లుదాకా వెళ్ళింది. గుమస్తాలకి చిన్నచిన్న ఇళ్ళు కట్టించే ఆలోచనలో ఉన్నారట అక్కడ. ఇంజనీరు వెంకట్రాజుగారు జ్యేష్ఠమాసంలో ఒక ఆదివారం వచ్చి చూస్తానన్నారు. ఆయనకి నచ్చితే ఆ కట్టుబడి పనంతా మావారి చేతుల మీదుగా జరుగుతుంది. గుమస్తా కాస్తా సూపర్‌వైజరు అవుతారు. మావారు ఆ కబురు చెబుతూ గుమ్మంలోనే నిలబడిపోయారు, లోపలికి రావడం కూడా మరిచిపోయి.

ఇంతలో గూడెం నుంచి అత్తగార్ని రైల్లో తీసుకొచ్చారు. ఆవకాయ పెట్టడానికి వెళ్ళిన మనిషి ఒళ్ళు తెలియని జ్వరంతో తిరిగొచ్చారు. వెంట మా వదిన మాణిక్యం వచ్చింది. మావారికి అక్క. స్టేషన్నుంచి జట్కాలో తెచ్చి, ముగ్గురం పట్టుకుని, నడిమధ్య చాప మీద తెల్లదుప్పటి పరిచి పడుకోబెట్టాం. ఇంకెక్కడ పడుకోబెడతాం? ఇంట్లో మంచం ఏదీ?

తెల్లవారుతుండగా ఆవిడ కళ్ళు తెరిచారు. తలవైపు మావారు, పక్కన వదిన, కాళ్ళ దగ్గర విసనకర్రతో నేను. అందరం చాపల మీదే కూర్చున్నాం కనక అందరి మొహాలూ ఆవిడ మొహం మీదికి వంగి ఉన్నాయి. వదిన చెంచాతో బార్లీ నీళ్ళు నోట్లో పోస్తోంది. అత్తగారు గుటక వేసి, చెయ్యి చాచి చాపని తడిమారు. మందంగా, పచ్చివాసన పోని కొత్త చాప. తల తిప్పి చుట్టూ చూశారు. గోడలు లేవు. అంతా తెల్లగుడ్డ.

"నా మంచం ఏదిరా?" అన్నారు, గొంతు పెగల్చుకుని.

"తీసేశామమ్మా. నువ్వు కదలకు," అన్నారు మావారు.

అప్పుడు ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారడం మొదలుపెట్టాయి. ఎందుకో మాలో ఒక్కరికీ తట్టలేదు. మంచం మీద ప్రాణం పోనివ్వరు మా వైపు. ఇక లాభం లేదనుకున్న మనిషిని నేల మీద కొత్త చాప పరిచి దాని మీదికి చేరుస్తారు, గొంతులో తులసినీళ్ళు పోస్తారు, అయినవాళ్ళంతా చుట్టూ కూర్చుంటారు. పుట్టి బుద్ధెరిగిన ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతి అది. మాకూ తెలుసు. కానీ నెలన్నరగా చాపల మీద పడుకుని, చాపల మీద తిని, మాకది మరుపొచ్చేసింది.

"అమ్మాయ్, సుబ్బలక్ష్మీ. ఇలా దగ్గరికి రా," అన్నారు అత్తగారు.

వెళ్ళాను. నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి నిప్పులా కాలుతోంది.

"నీకు అన్యాయం చేశానే తల్లీ. ఇది కడుపులో పెట్టుకుని పోతే నాకు పుట్టగతులుండవు. వాడికి అక్కడ పెళ్ళాం ఉంది."

నాకు మాట అందింది గానీ అర్థం అందలేదు. మనిషి జ్వరంలో ఏదో అంటోందనుకున్నాను.

"ఓ ఆడపిల్ల కూడా ఉంది. వచ్చిన రోజునే నా కాళ్ళ మీద పడి చెప్పాడు. మూణ్ణెల్లుండి వెళ్ళిపోతానమ్మా అన్నాడు. నువ్వు ఓడెక్కావో, నేను నూతిలో దూకుతానన్నాను. ఆ వారమే మీ నాన్నకి సంబంధం కబురు పెట్టించాను. ఆ తంతి కూడా నేను ఇప్పించిందేనే. అప్పుడు నాకు జలుబు కూడా లేదు. వీణ్ణి రప్పించుకోడానికి చస్తున్నానని అబద్ధమాడాను. ఇప్పుడు చావు నిజంగానే వచ్చింది నాకు. నా మెళ్ళో పలకసర్లు ఆ పిల్లకి ఎలాగోలా పంపండిరా. ఎంతైనా నా రక్తం."

నా చేతిలోంచి విసనకర్ర జారి పడింది.

వదిన తేరుకుని తమ్ముడి మొహంలోకి చూసింది.

"ఒరే జోగీ, అమ్మకి సంధి కమ్మిందిరా. ఏదేదో అంటోంది. అంతే కదరా?"

మావారు ఔనని ఉంటే నేను నమ్మేదాన్ని. ఒక్క 'ఔను' చాలు, జ్వరం మాటలని కొట్టిపారేసి నా కాపురం నేను చేసుకునేదాన్ని. ఆయన అనలేదు. తల వంచుకుని, తల్లి పక్కన లేచి ఉన్న చాప అంచుని అరచేత్తో నొక్కి చదును చేశారు. ఆ నొక్కడంలో నాకంతా తెలిసిపోయింది.

పొద్దెక్కాక డాక్టరుగారు వచ్చారు. నాడి చూశారు, కళ్ళు చూశారు, పొట్ట నొక్కి చూశారు.

"మలేరియా అండీ. క్వినైన్ రాస్తాను, వేళకి పట్టండి."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది. "మనిషి దక్కుతుందాండీ?"

"అదేం మాటండీ? వారం తిరక్కుండా లేచి మీ అందర్నీ కేకలేస్తారు."

కళ్ళు మూసుకుని ఉన్న అత్తగారు ఉలిక్కిపడి తెరిచారు.

"అయితే నన్ను చాప మీదికి ఎందుకు దింపార్రా?"

వదినే చెప్పింది. "తమ్ముడు మంచాలన్నీ కోయించేశాడమ్మా. ఇప్పుడిది జపాన్ ఇల్లట. అందరూ కిందే పడుకుంటారట."

అత్తగారు కొడుకు వంక చూశారు. నా వంక చూశారు. తన నోటితో తను చెప్పిందంతా ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు ఆ మొహం మెల్లిమెల్లిగా తెల్లబోయింది. చావుకి సిద్ధపడ్డ మనిషికి బతుకుతావని చెబితే అంత భయపడడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. దుప్పటి తలదాకా లాక్కుని అటు తిరిగి పడుకున్నారు. డాక్టరుగారు ఏమీ అర్థంకాక బ్యాగు మూసుకుని వెళ్ళిపోయారు.

అసలే అది గుడ్డ గోడల ఇల్లు. నిట్టూరిస్తే పక్క గదిలోకి వినిపిస్తుంది. మొగుణ్ణి నిలదీయడానికి కూడా ఆ ఇంట్లో చోటు లేకపోయింది. మర్నాడు ఆయన నూతి దగ్గర మొహం కడుక్కుంటుంటే వెనకే వెళ్ళాను.

"నిజమేనాండీ?"

"నిజమే."

"పెళ్ళి చేసుకున్నారా ఆవిణ్ణి?"

"వాళ్ళ పద్ధతిలో. నేనున్న ఇంటివాళ్ళ అమ్మాయి."

"పిల్లకి ఎన్నేళ్ళు?"

"వచ్చేటప్పటికి నడక నేర్చింది." ఆయనే మళ్ళీ అన్నారు. "మేం ముగ్గురం ఆరు చాపల గదిలో ఉండేవాళ్ళం. ఇల్లంటే నాకు అలా కట్టడమే తెలుసు, సుబ్బులూ. ఇంకోలా రాదు."

అప్పుడు ఆ చిలక్కొయ్య నా కళ్ళ ముందుకొచ్చింది. అది నా బిడ్డ కోసం కాదు. ఎక్కడో నీళ్ళవతల ఈపాటికి కాస్త ఎదిగిన ఒక పిల్ల తన చిన్న కోటు తనే తగిలించుకునే ఎత్తు అది. నెలన్నర నుంచి నేను తుడిచి, ముగ్గేసి, పదిమందికి చూపించి మురిసిపోయిన ఇల్లు ఇంకొకావిడ ఇల్లు. నా వాళ్ళు నేసిన చాపల మీద ఆవిడ సంసారాన్ని పరిచిపెట్టారు.

"ఉత్తరాలు వస్తున్నాయా?"

"నా ఇక్కడి చిరునామా వాళ్ళకి తెలీదు."

"మీరు రాస్తారుగా?"

"లేదు."

"ఒక్కటైనా?"

"ఏమని రాయను?"

"బతికే ఉన్నానని రాయొచ్చు కదండీ!"

ఆయన తువ్వాలు మడిచారు. అంచుకి అంచు కలిపి, నాలుగు మడతలు. "పోయాననుకుంటారు. అలా అనుకోవడమే వాళ్ళకి నయం," అన్నారు.

అత్తగారి మాటకి నా కాళ్ళ కింద నేల కదిలింది. ఈ మాటకి ఆయన పక్కన నిలబడడానికే భయమేసింది. చీమకి కూడా అపకారం తలపెట్టని మనిషి, నేను కంచంలో అన్నం వదిలేస్తే బతిమాలి తినిపించే మనిషి, కట్టుకున్నదాన్నీ కన్నబిడ్డనీ పక్క మడిచి అలమరలో పెట్టినట్టు పెట్టేసి తలుపు జరిపేశారు. రేపు నన్ను మాత్రం పెట్టరని ఏమిటి?

"ఆదివారం ఇంజనీరుగారు వస్తున్నారు. ఆ ఒక్కరోజూ గడవనీ. తర్వాత నువ్వేమంటే అది చేస్తాను," అన్నారు మావారు.

నేను మా నాన్నకి కబురు పంపాను, ఆదివారం వచ్చి తీసుకెళ్ళమని. ఎందుకని రాయలేదు. ఆ నాలుగు రోజులూ అత్తగారు నా చేతి గంజి తాగుతూ కూడా నా మొహం చూడలేదు.

ఆదివారం పొద్దున మా నాన్న వచ్చారు. అరుగు చివర కూర్చుని, నా మూటా నా మొహమూ మార్చి మార్చి చూశారు. ఆ వెనకే ఇంజనీరుగారూ వాళ్ళావిడా వచ్చారు. మావారు ఒక్కొక్కటే చూపించారు. పలక మూత ఎత్తితే ఇంజనీరుగారు వంగి కిందకి తొంగిచూశారు. తలుపులు జరిపి రెండు గదుల్ని ఒకటి చేస్తే చేత్తో తనే నాలుగుసార్లు అటూ ఇటూ జరిపారు. ఆఖరి తలుపు వెనక అత్తగారు పడుకుని, తోడుగా వదిన కూర్చుని ఉన్నారని దాన్ని మాత్రం తెరవలేదు.

"భేషుగ్గా ఉందండీ జోగారావుగారూ. మన గుమస్తాల ఇళ్ళు అచ్చం ఇలాగే కట్టిద్దాం. ఎక్కడ నేర్చారండీ ఇదంతా?"

"జపాన్‌లో చూశానండీ," అన్నారు మావారు.

ఇంజనీరుగారి భార్య నా వంక తిరిగి నవ్వారు. "మగవాళ్ళు చూసినంత మాత్రాన ఇన్ని వివరాలు పట్టుకుంటారాండీ? ఊరగాయ జాడీ ఎక్కడుండాలో కూడా తెలిసిందంటే, ఎవరో ఆడమనిషే నేర్పి ఉంటుంది. మీరేనాండీ?"

వెళ్ళిపోదామనే నిలబడ్డాను. ఆవిడ అడక్కపోయుంటే మూట చంకన పెట్టుకుని మాట్లాడకుండా పోయేదాన్నేమో. మావారు నా వంక చూశారు. ఆ చూపులో బతిమాలడం ఉంది. అది చూసి కూడా నా నోరు ఆగలేదు.

"నేను కాదండీ. ఇది ఆయన మొదటి భార్య ఇల్లు. ఆవిడ దగ్గర నేర్చుకున్నారు."

ఇంజనీరుగారి చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. ఆవిడ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. మా నాన్న లేచి నిలబడ్డారు. నేనన్న మాటకి నేనే కొయ్యబారిపోయాను. ఆయన ఉద్యోగం, మా పరువు, వీధిలో తలెత్తుకు తిరగడం అన్నీ ఆ ఒక్క మాటతో పోయాయనుకున్నాను. పిచ్చిదండీ, పట్టించుకోకండి అని మావారు అంటారని కాచుకున్నాను. అని ఉంటే, ఆ గడప మళ్ళీ తొక్కేదాన్ని కాదు.

ఆయన గొంతు సవరించుకుని, ఆఫీసులో జవాబు చెప్పినట్టు చేతులు కట్టుకుని చెప్పారు.

"నిజమేనండీ. కోబేలో ఉంది. నాకో కూతురు కూడా ఉందండీ."

అని, నిలబడ్డవారు నిలబడ్డట్టే చాప మీద కూలబడ్డారు. ఆయన ఏడవడం నేను చూడ్డం అదే మొదలు. ఇంజనీరుగారు ఏమనాలో తెలియక, మళ్ళీ వస్తానండీ అని ఏదో గొణిగి భార్యతో వీధిలోకి నడిచారు. మజ్జిగ గ్లాసులు ముట్టుకున్నవాళ్ళు లేరు.

ఆఖరి తలుపు బరబరమని జరిగింది. అత్తగారు చట్రం పట్టుకుని నిలబడ్డారు. జ్వరం తగ్గాక ఆవిడ లేచి నిలబడడం అదే మొదటిసారి.

"ఒరే," అన్నారు. "ఆ పిల్ల పేరేంట్రా?"

"హారు, అమ్మా."

"హారు," అన్నారు అత్తగారు. పలకడం సరిగ్గా వచ్చిందా అన్నట్టు కొడుకు వంక చూసి, ఇంకోసారి అన్నారు.

మా నాన్న నా మూట చేతిలోకి తీసుకున్నారు. "పడవ సిద్ధంగా ఉందమ్మా. బయలుదేరదామా?"

"ఇవాళ కాదు నాన్నగారూ," అన్నాను. "ఈయన ఉత్తరం రాయాలి. రాసేదాకా నేను పక్కన కూర్చోవాలి."